చిన్న సెక్షను

లంచ్ అయ్యేలోపు చెప్పమంది లాయరమ్మ. చెప్పడానికేముంది, ఒక్క ముక్క, చిన్నదా పెద్దదా. బట్టల కొట్లో సైజు అడిగినట్టే అడిగింది పాపం, ఆవిడ తప్పేం లేదు, ప్రభుత్వం తరఫు మనిషి, పొద్దుట్నుంచి ఈ గది నుంచి ఆ గదికి పరుగులే పరుగులు, భోజనానికి టైం లేక నిలబడే బిస్కెట్లు తింటోంది, నల్లకోటు మీద పొడి రాలుతోంది. అవతలి వాళ్లు రాయబారం పంపారట. మా ఆసుపత్రి పెద్ద డాక్టరు తప్పు ఒప్పుకుంటాడట, కాకపోతే అసభ్య ప్రవర్తన అనే సెక్షను కింద అయితేనే ఒప్పుకుంటాడట. అలా అయితే జరిమానా కట్టేసి, ఇకమీదట బుద్ధిగా ఉంటానని సంతకం పెట్టేసి వెళ్లిపోవచ్చు. కాదు, లైంగిక దాడి సెక్షనే ఉంచాలని నేను పట్టుబడితే విచారణ మొదలవుతుంది, ఈ మధ్యాహ్నమే నేను బోనెక్కాలి, అంతా నా నోటితో చెప్పాలి, చెప్పినా నిలుస్తుందన్న నమ్మకం లేదు. నిలవకపోతే ఆ మనిషి ఏ మచ్చా లేకుండా బయటికి నడిచిపోతాడు. "బలవంతం లేదు మేడమ్, మీ ఇష్టం," అని బిస్కెట్ పొట్లం మడిచి కోటు జేబులో పెట్టుకుని వెళ్లింది. నా ఇష్టమట. ఏడాదిగా నా ఇష్టం ఏమిటని అడిగిన మొదటి మనిషి ఈవిడే.

ఈ బెంచీకి ఒక కాలు పొట్టి. నేను ఇటు కదిలినప్పుడల్లా అటు చివర కూర్చున్న మా ఆయన కాస్త పైకి లేస్తున్నాడు, లేచి మళ్లీ సర్దుకుంటున్నాడు గానీ కదలకు అనడం లేదు. ఏమీ అనడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది, రోజంతా చీకటి గుంటల్లో తాళ్లకు గ్రీజు పూస్తూ ఒంటరిగా ఉంటాడు, అందుకే మాటలు పొదుపు అంటుంది మా అమ్మ. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి మూలనున్న లిఫ్టు వైపే చూస్తున్నాడు, అది ప్రతి అంతస్తులో ఆగేముందు ఒక్కసారి వణుకుతోంది, బ్రేకు అరిగిపోయి ఉంటుంది, లేచి వెళ్లి చూడాలని చేతులు దురద పెడుతున్నాయని నాకు తెలుసు. మంచి మనిషి. ప్రతి వాయిదాకీ సెలవు పెట్టి వచ్చాడు, నీళ్ల సీసా ఆయనే మోశాడు, కాగితాల సంచీ ఆయనే మోశాడు. ఆ రోజు ఇంటికొచ్చి గుమ్మంలోనే, పెద్ద డాక్టరు నాతో తప్పుగా ప్రవర్తించాడండీ అన్నాను. చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, ఇంక చెప్పకు, నాకు అర్థమైంది అన్నాడు. ఆ సాయంత్రం వంట ఆయనే చేశాడు. ఆయనకి ఏం అర్థమైందో నాకు ఈ రోజు వరకూ తెలియదు. జరిగినదానికంటే తక్కువ అర్థమైందో, ఎక్కువ అర్థమైందో, దేన్ని మింగి నా పక్కన పడుకుంటున్నాడో అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.

దీనికి ఎన్ని పేర్లున్నాయో ఈ ఏడాదిలో తెలిసింది. మా అమ్మ ఆ గొడవ అంటుంది, ఫోన్లో కూడా గొంతు తగ్గించి, ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేకపోయినా సరే. మా వదిన చెయ్యి వేశాడట కదా అంటుంది, భుజం మీద స్నేహంగా వేసినట్టు, ఆ వెంటనే బస్సుల్లో మనం ఎన్ని చూడలేదు వదినా అని నవ్వేస్తుంది. ఆసుపత్రి కమిటీవాళ్లు పొడుగాటి బల్లకి అటువైపు కూర్చుని దురదృష్టకరమైన అపార్థం అన్నారు, ఎవరిది దురదృష్టం, ఎవరికి అపార్థం అని అడిగితే టీ తీసుకోండమ్మా అన్నారు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే పెద్దాయన పెన్ను మూత తీసి, తల దించుకునే, మానభంగం అని రాయమంటారా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఒళ్లు మండిపోయింది నాకు. మానమూ నాదేనట, భంగమూ నాకేనట, అలాగైతే వాడి తాలూకు ముక్క అందులో ఒక్కటైనా లేదేం? నా మానానికేం కాలేదు సార్, నిక్షేపంగా ఉంది, వాడు చేసిన పని రాయండి అన్నాను. ఆయన బిత్తరపోయి మా ఆయన వంక చూశాడు, మా ఆయన గోడ మీద క్యాలెండరు వంక చూశాడు. ఆ మాట చట్టంలోంచి తీసేసి చాలా కాలమైందని తర్వాత లాయరమ్మ చెప్పింది. పూర్వం చట్టం ఆడదాని పరువు గురించి ఆలోచించేదట, అంటే ఇంట్లోవాళ్ల సొత్తుకి నష్టం జరిగిందా లేదా అని. ఇప్పుడు మనిషి ఒళ్లు, ఆ మనిషి ఒప్పుదల, ఈ రెండే చూస్తుందట. తీసేస్తే ఏం లాభం, జనం నోళ్లలోంచి ఎవరు తీస్తారు, పేపరు వాడు నిన్నకి నిన్న కూడా అదే వేశాడు.

మొదటిసారి కలిసినప్పుడే ఆ పెద్ద సెక్షను చదివి వినిపించింది లాయరమ్మ. ఒకరి శరీరాన్ని వారి ఒప్పుదల లేకుండా లైంగిక ఉద్దేశంతో తాకడం. ఇంతేనా అన్నాను. ఇంతే అంది. గాయం ఉండాలా, అక్కర్లేదు. కొట్టాలా, అక్కర్లేదు, దాడి అన్నంత మాత్రాన కొట్టడం కాదు మేడమ్, మీరు ఒప్పుకోకపోవడం ఒక్కటే కావాలి. అరవాలా, అక్కర్లేదు. ఆ రోజు మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా అనిపించాయి, ఎవరో నన్ను చూడకుండానే నా కోసం రాసిపెట్టారనిపించింది. ఇప్పుడేమో చట్టంలో ఇంతే గానీ కోర్టులో ఇంతకంటే ఎక్కువ కావాలి అంటోంది అదే లాయరమ్మ. మరి ఆ చిన్న సెక్షనులో ఏముంటుందని ఇందాక అడిగితే, ఎదుటివాళ్లకి ఇబ్బంది కలిగించే మాటలు, సైగలు, చేష్టలు అంది. అంటే ఎలాంటివి అన్నాను. చెప్పడానికి మొహమాటపడింది. బజార్లో ఈల వేసినవాడు, తాగి చొక్కా విప్పినవాడు, స్కూలు గోడ మీద ఉచ్చ పోసినవాడు. ఓహో. నేను గోడనన్నమాట. ఆ మాట పైకే అన్నట్టున్నాను, మా ఆయన ఏంటి అన్నాడు, ఏం లేదన్నాను.

అదుగో, ఆ చివర కిటికీ దగ్గర కూర్చున్నాడు పెద్ద డాక్టరు, పక్కన భార్య. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇస్తోంది, ఆయన ఊదుకుని తాగుతున్నాడు. దారిన పోతున్న ప్లీడరెవరో ఆగి నమస్కారం పెట్టి తన చెవి చూపిస్తున్నాడు, ఈయన తల వంచి శ్రద్ధగా వింటున్నాడు, ఇక్కడ కూడా ఉచిత వైద్యమే. నాకు పని నేర్పింది ఆయనే, అది కాదంటే కళ్లు పోతాయి. వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం నాది. రోగిని లోపలి గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి తలుపు వేసేస్తాను, బయట యంత్రం ముందు కూర్చుని కూతలు పంపిస్తాను, వినబడితే రోగి చేతిలోని బటన్ నొక్కుతాడు, నా బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది. పెళ్లాలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిన మగవాళ్లలో సగం మందికి చెవులు భేషుగ్గా పనిచేస్తాయి, ఆ సంగతి చెప్పగానే ఆ పెళ్లాల మొహాలు చూడాలి. ఆ గదిని మేము మూగగది అంటాం. గోడల నిండా మందపాటి స్పాంజి, అరచేతి మందం తలుపు, లోపల మాట్లాడితే ఆ మాట పెదవుల దగ్గరే రాలిపోతుంది, సొంత దగ్గు కూడా పరాయివాళ్లదిలా ఉంటుంది. మొదట్లో నాకు భయమేసేది. అలవాటైపోతుందమ్మా అనేవాడు పెద్ద డాక్టరు. ఆ రోజుల్లో అమ్మా అనే పిలిచేవాడు.

రోజూ మొదటి రోగి రాకముందు మేమే లోపల కూర్చుని యంత్రాన్ని చూసుకుంటాం. ఒకరు లోపల, ఒకరు బయట. నా చెవి ఎంత సన్నటి కూత వరకూ పట్టుకుంటుందో మాకు తెలుసు, ఆ రోజు అంతవరకూ వినబడలేదంటే తేడా యంత్రంలో ఉన్నట్టు. సన్నటి కూత వినాలంటే కళ్లు మూసుకోవాలి, ఒంట్లో ఎక్కడా బిగువు ఉండకూడదు, ఊపిరి కూడా మెల్లగా తీయాలి, ఇదీ ఆయన నేర్పిందే. ఆ రోజు నా జోడీ అమ్మాయి సెలవు. కూతలు నేను పెడతాలే, నువ్వు కూర్చో అన్నాడు పెద్ద డాక్టరు. కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. కూత వచ్చింది, నొక్కాను, ఇంకొంచెం సన్నగా వచ్చింది, నొక్కాను, ఇంకా సన్నగా, నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. నాకే వినబడటం లేదేమో, ఇంకా సన్నదేదో వస్తూనే ఉందేమో అనుకుని మరింత గట్టిగా కళ్లు మూసుకుని చెవులు రిక్కించాను. అలా ఎంతసేపు విన్నానో, ఏమీ లేనిదాన్ని అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని విన్నానే అని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ తర్వాత అది జరిగింది. నేను బటన్ నొక్కాను. విడవకుండా నొక్కుతూనే ఉన్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు గానీ, దీపం వెలిగితే ఎవరో ఒకరు చూస్తారనే అనుకుంది నా బుర్ర, పదేళ్ల పైగా అదే కదా చేస్తున్నాను, దీపం వెలగడం, చూడటం. చూడాల్సిన మనిషి లోపల నా వెనక ఉన్నాడు. అరవాలన్న ఆలోచనే రాలేదు. ఆ గోడలు ఎంత మింగుతాయో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అందులో అరవడమంటే నీళ్లలో నిప్పు రాజేయడమే. ఇంకో ఉద్యోగం చేసే ఆడది ఎవరైనా అరిచేది. పిచ్చిదైనా అరిచేది. నాకు తెలిసిందే నా నోరు కట్టేసింది.

ఇదే గొంతులో ముల్లయింది. బటన్ నొక్కానని నేనే స్టేషన్లో చెప్పాను, దాచాల్సిన విషయమని తోచలేదు మరి. అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడట. బటన్ నొక్కడానికి ఖాళీగా ఉన్న చెయ్యి తోయడానికి లేదా అంటాడట. నోరెందుకు లేవలేదంటాడట. ఆ ప్రశ్న ఆయన అడగాలా, మా వాళ్లంతా ఎప్పుడో అడిగేశారు. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో పెద్దా చిన్నా అందరూ ఒప్పుకున్న విషయం. నేను బేరమాడితే కూరగాయలవాడు తట్ట ఎత్తుకుని పోతాడు. పక్కింటాయన మా గోడకి సైకిలు ఆనించడం మానేసి యుగమైంది. విషయం తెలియగానే మా వదిన అన్న మొట్టమొదటి మాట, నీ నోటికి వాడు ప్రాణాలతో ఎలా బయటపడ్డాడే అని. మెచ్చుకోలే అనుకుంది పాపం. అంటే ఏమిటి, గయ్యాళిదానికి ఇలాంటివి జరగవనా, జరిగినా గయ్యాళిది ఊరుకుందంటే అందులో ఏదో ఉందనా. ఆ పూట వదినని ఏమీ అనలేదు, అదే మొదటిసారి నేను మాట పడి ఊరుకోవడం. ఆ తర్వాత అలవాటైపోయింది. కూరగాయలవాడు చెప్పినంతా ఇచ్చేసి వస్తున్నాను, వాడికీ ఏదోలా ఉన్నట్టుంది, కొత్తిమీర ఊరికే వేస్తున్నాడు.

చిన్నదానికి ఊ అంటే అయిపోతుంది. అది నిజమే. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను, దుప్పట్లు ఉతుక్కుంటాను. తప్పు చేశానని ఆయన నోటితోనే ఒప్పుకున్నట్టు అవుతుంది, అది మాత్రం తక్కువా అంటుంది మా అమ్మ. ఒప్పుకునేది ఏ తప్పు? ఈల వేసిన తప్పు. పెద్ద సెక్షను రుజువైతే వైద్యం చేసే లైసెన్సు పోతుందట. చిన్నదైతే ఏమీ కాదు, సస్పెన్షను ఎత్తేస్తారు, వచ్చే నెలకల్లా మళ్లీ తెల్లకోటు తొడుక్కుంటాడు. నన్ను రికార్డుల గదికి మార్చారు, దుమ్ములో తుమ్ముకుంటూ పాత ఫైళ్లు సర్దుతున్నాను. నా కుర్చీలోకి కొత్త అమ్మాయి వచ్చింది. మొన్న మెట్ల దగ్గర కనిపించి, మేడమ్, మీరు పొద్దున్నే కళ్లు మూసుకుని వినేవారట కదా, నాకు సరిగ్గా కుదరడం లేదు, పెద్ద డాక్టరుగారు వచ్చాక నేర్పిస్తారన్నారు అంది. ఎవరన్నారు అన్నాను. అందరూ అంది. బంగారంలాంటి పిల్ల, చదువు పూర్తయిన ఉత్సాహంలో ఉంది, మెడలో ఐడీ కార్డు తిన్నగా వేలాడుతోంది. దానికి ఏమని చెప్పను, ఆయన అసభ్యంగా ప్రవర్తిస్తాడని చెప్పనా? అంటే ఏం చేస్తాడు మేడమ్, ఈల వేస్తాడా అంటుంది. జాగ్రత్త అన్నాను. తల ఊపింది. దేనికి జాగ్రత్తో దానికి తెలియదు. నాకూ ఒకప్పుడు రిసెప్షనులో ఉండే ఆవిడ జాగ్రత్త అనే చెప్పింది, కడుపులో దాచుకుని దాచుకుని ఆ ఒక్క మాట చెప్పి బదిలీ చేయించుకుని పోయింది. నేను మెట్లు తడిగా ఉన్నాయేమో అనుకున్నాను.

"చిన్నదానికే ఒప్పేసుకుందాం," అన్నాడు మా ఆయన. ఉన్నట్టుండి, లిఫ్టు వైపే చూస్తూ.

"ఎందుకు?"

"అయిపోతుంది కదా."

"అక్కడ ఏం జరిగిందో మీకు తెలుసా?"

"తెలుసు."

"ఏం తెలుసు, చెప్పండి."

చేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు ఎంత రుద్దినా పోదు ఆయనకి. "అదే," అన్నాడు.

అదే. ఇంట్లో ఉన్న అన్ని పేర్లలోకీ ఇదే చిన్నది. ఆ ఒక్క ముక్క కింద మేమిద్దరం ఏడాది కాపురం చేశాం. జాలేసింది నాకు, కోపం కూడా వచ్చింది, ఏది ముందు వచ్చిందో తెలియదు. పెద్దదే కావాలంటే నేను లోపల అంతా చెప్పాలి, ఎక్కడ, ఎలా, ఎంతసేపు, ఏ చేత్తో, అన్నీ అడుగుతారట. ఈయన వింటాడు. గుమాస్తా వింటాడు, టైపు చేసే ఆవిడ వింటుంది, డాక్టరు భార్య ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని వింటుంది, అందరికీ తెలిసిన తర్వాత ఈయనకి తెలుస్తుంది. ఇప్పుడే ఇక్కడే చెప్పేద్దామని నోరు తెరిచాను. మా ఆయన నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చాడు. తాగాను. నోరు తెరవడం నీళ్ల కోసమే అనుకున్నాడు.

"మీరు బయటే ఉండండి," అన్నాను.

"నువ్వొక్కదానివే ఎందుకు? లోపలే ఉంటా," అన్నాడు. నా కాగితాల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

లాయరమ్మ వచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది, చెవుల దగ్గర ఇంకా తడి ఉంది. నేను లేచాను, బెంచీ అటు ఒరిగింది. పెద్దదే అన్నాను. ఆలోచించారా మేడమ్, ఓడిపోవచ్చు, ఓడిపోతే అసలేమీ ఉండదు, ఆ చిన్నది కూడా పోతుంది అంది. పోనివ్వండి అన్నాను. వాడు చేసినదానికి శిక్ష పడకపోతే పడలేదని ఏడుస్తాను, చేయనిదానికి జరిమానా కట్టించి గెలిచానని ఇంటికెళ్లలేను, రేపు ఆ పిల్ల మెట్ల మీద కనబడితే మొహం ఎక్కడ పెట్టుకోను అన్నాను. ఏ పిల్ల అని లాయరమ్మ అడగలేదు. నా మోచెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలేసింది. నేను ధైర్యంగా ఏమీ లేను, ఆ సంగతి చెప్పాలి.

లోపల అనుకున్నంత పెద్ద గది కాదు. ఫ్యాను రెక్కకి దుమ్ము వేలాడుతోంది. ప్రమాణం చేయించారు. జడ్జిగారు కళ్లజోడు పైకి తోసుకుని, తొందర లేదమ్మా, జరిగింది జరిగినట్టు చెప్పండి అన్నారు. ఎక్కడ చూడాలో తెలియక టైపు చేసే ఆవిడ వేళ్లు చూశాను. మూగగది గురించి చెప్పాను, కూతల గురించి చెప్పాను, కళ్లు మూసుకోవడం గురించి చెప్పాను. తర్వాత, అన్నారు. తర్వాత అనే మాట దగ్గర ఏడాది నుంచీ ఆగిపోతున్నాను, ఇందాకట్నుంచీ కూడా ఆగిపోతూనే ఉన్నాను. ఆయన వెనక నుంచి వచ్చి నా బట్టల్లోకి చెయ్యి పెట్టాడండీ అన్నాను. రొమ్ము పట్టుకున్నాడు. నేను బిగుసుకుపోయాను. వద్దండీ అన్నాను, రెండుసార్లు అన్నాను, రెండోసారి నాకే వినబడలేదు. ఆ తర్వాత ఇంకో చెయ్యి నా కాళ్ల మధ్య పెట్టాడు. టైపు చేసే ఆవిడ వేళ్లు ఆగాయి, మళ్లీ కదిలాయి. వెనక బల్ల చప్పుడైంది. చూడకూడదనుకుంటూనే చూశాను. మా ఆయన లేచి నిలబడ్డాడు. నా వంక కాదు, డాక్టరు వంకా కాదు, నేల వంక చూస్తున్నాడు. కాగితాల సంచీ బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు, నీళ్ల సీసా దాని పక్కన పెట్టాడు, తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

తలుపు దానంతటదే మూసుకుంది. అందరూ అటే చూశారు. కాసేపు ఆగుతారా అమ్మా అన్నారు జడ్జిగారు. వద్దండీ అన్నాను. మిగిలింది కూడా చెప్పాను.